కాటా బాబు తుపాకీ చదువు

జంషెడ్‌పూర్‌లో మా ఇంటి దగ్గర సోనారి మైదానంలో విమానం దిగుతుంటే ఉలిక్కిపడే మనిషిని నేను. దీపావళికి చెవుల్లో దూది పెట్టుకుని వంటింట్లో కూర్చునేవాణ్ణి. అలాంటి వాడికి ప్రభుత్వం వారు ఫోటో అంటించి మరీ రివాల్వరు లైసెన్సు ఇచ్చారంటే, తప్పు వాళ్ళదీ కాదు, నాదీ కాదు. తుక్కుది.

ఎనభై ఒకటో సంవత్సరం సంగతి. ఊరి పక్కన గమ్హరియాలో ఒక చిన్న ఫౌండ్రీలో నేను కాటా బాబుని. తుక్కు ఇనుము వేసుకొచ్చిన లారీని కాటా మీదికి ఎక్కించి, తూకం చూసి, చీటీ రాసి, కింద సంతకం పెట్టడం నా పని. పోలరాజు అనే నా పేరు ఆ చీటీల మీద తప్ప ఇంకెక్కడా కనబడేది కాదు, అందరూ కాటా బాబూ అనే పిలిచేవారు. తుక్కు తెచ్చే ఠేకేదారు ఒకడు పైన ఇనుము పరిచి, కింద తడి మట్టి నింపి పంపేవాడు. నాకు పిరికితనం ఎంత ఉందో అంకెల మీద పట్టుదల అంత ఉంది. మూడు లారీలు దింపించి చూశాను. మట్టి తీసేసి, మిగిలిన ఇనుముకే చీటీ రాశాను.

నాలుగో రోజు డ్యూటీ దిగి సైకిల్ మీద వస్తుంటే ఖర్కాయి నది వంతెన మీద ఇద్దరు ఆపారు. కొట్టలేదు. నా కళ్ళజోడు మెల్లిగా తీసి, కింద పెట్టి, బూటుతో నలిపారు. ఇకమీదట నాకు తూకం సరిగా కనబడకపోతేనే ఆరోగ్యానికి మంచిదని చెప్పి వెళ్ళిపోయారు. సైకిల్ నడిపించుకుంటూ ఇంటికొచ్చాను. దారి కనబడక కాదు, మళ్ళీ ఎక్కే ధైర్యం లేక.

మా మాలిక్ మంచివాడే, కానీ ఆ ఠేకేదారుని మాన్పించే గుండె ఆయనకీ లేదు. బదులుగా చాయ్‌బాసా కలెక్టరాఫీసు చుట్టూ తిరిగి నా పేరున లైసెన్సు రాయించి, బిష్టుపూర్ తుపాకుల దుకాణంలో ఒక పాత విలాయతీ రివాల్వరు కొనిపెట్టాడు. "పోలరాజూ, ఇక నీకు భయం లేదు" అన్నాడు. తన భయం తీర్చుకున్నాడని నాకు అర్థమైంది. నా ముందు రెండే దారులు. వాళ్ళు చెప్పిన తూకం రాయడం, లేకపోతే రాజీనామా రాసి శ్రీకాకుళం రైలెక్కడం. రెండోదే సులువనిపించి కాగితం రాసి జేబులో పెట్టుకున్నాను. రివాల్వరుని తువ్వాల్లో చుట్టి, బీరువాలో పెట్టి, తాళం వేసి, అటు చూడ్డం కూడా మానేశాను.

మా ఆవిడ జగదాంబ మూడో రోజున తాళం తీయించింది. వాళ్ళ నాన్న ముసలయ్యగారు విజయనగరం పోలీసు లైన్లలో తుపాకుల గది చూసేవారు. ఆ ఇంట్లో పిల్లలు బొమ్మలతో ఆడుకున్నట్టు లేదు. ఆవిడ ఆ ఇనుముని చేతిలోకి తీసుకుని, గొట్టాన్ని గోడవైపు తిప్పి, టకీమని మధ్యకి విరిచి తెరిచి లోపలికి చూసింది.

"ఏటండి ఇది? తుపాకీయా, పచ్చడి బండా? ఎవుడు తుడిసేడు దీన్ని?"

"నేనసలు ముట్టుకోలేదే" అన్నాను.

"అదీ తెలత్తంది."

ఆ పూటంతా కిరోసిన్ గుడ్డతో, కొబ్బరి పుల్లతో దాని పని పట్టింది. తరవాత నా చొక్కా జేబులోంచి రాజీనామా కాగితం తీసి, చదివి, వెనక్కి తిప్పి, బొగ్గుతో ఒక గుండ్రం గీసి గోడకి అంటించింది. "ఇక్కడ్నించి దాన్ని గురి సూడండి. దసరా దాకా సూద్దాం. అప్పటికీ మీ వల్ల కాపోతే నానే టిక్కెట్టు తీత్తాను."

అలా నా చదువు మొదలైంది. నాకు రివాల్వరు వచ్చిందని విని ఆ ఠేకేదారు లారీలు పంపడం కొన్నాళ్ళు ఆపాడు. పేలిపోయిన ఖాళీ తూటాలు వేసిన రివాల్వరు. గొట్టం మీద పువ్వు అంచుల పది పైసల బిళ్ళ. బిళ్ళ పడకుండా మీట నొక్కాలి. వారం రోజులు ఆ బిళ్ళ నేల మీద టింగుమంటూనే ఉంది. మంచం కింద దూరి దాన్ని వెతుక్కోవడంలోనే నా సాధన సగం గడిచింది. జగదాంబ వంకాయలు తరుగుతూ కంటి చివరి నుంచి చూసేది. "ఎడం కాలు కొంచం ముందుకెయ్యండి. మోకాళ్ళు బిగించకండి. ఊపిరి సగం ఒదిలీసి ఆపండి. వేలు బయటుంచండి బాబూ, కాల్చాలని మీ మనసుకి తెలిసీదాకా వేలు బయటే."

అన్నిటికంటే ముందు నేర్పిన మాట ఇంకొకటుంది. ఆయుధం చేతిలో ఉండాల, లేకపోతే తాళంలో ఉండాల, మూడో చోటు దానికి లేదు. అన్నం వడ్డిస్తూ అడిగేది, నేను అప్పజెప్పాలి. అప్పజెప్పకపోతే కూర పడేది కాదు.

ఆదివారాలు రైఫిల్ క్లబ్బుకి తీసుకెళ్ళింది. ఇద్దరి పేర్లూ రాయించింది. మొదటి గుండు పేల్చిన రోజు నేను రెండు కళ్ళూ మూసేశాను. గుండు ఎక్కడికి వెళ్ళిందో ఎవరికీ తెలియలేదు. క్లబ్బు సుబేదారు మర్యాదస్తుడు కాబట్టి ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు.

"కళ్ళు మూసీసుకుంటే ఎదుటోడు ఎల్లిపోతాడేటండి?" అంది జగదాంబ.

తరవాత ఆవిడ ఒక ఉపాయం చేసింది. ఆరు గదుల్లో ఒకదాంట్లో అసలు తూటా పెట్టి, మిగతా వాటిలో ఖాళీవి పెట్టి, నాకు కనబడకుండా చక్రం తిప్పి చేతికిచ్చింది. నేను మీట నొక్కాను. క్లిక్కుమంది, అంతే. పేలలేదు. కానీ నా చెయ్యి అడుగు మేర కిందికి దిగింది, భుజాలు చెవుల దాకా లేచాయి, పళ్ళు కటకటలాడాయి. పేలని తుపాకీకి నేను పడ్డ హడావుడి అందరూ చూశారు. సిగ్గుతో నా తల తిరిగిపోయింది.

ఆవిడ నవ్వలేదు. దగ్గరకొచ్చి మెల్లిగా అంది. "సూసేరా? మీ బయం మోతకి కాదు. మోగకముందే వచ్చీసి కూకుంటంది. మోగేక బెదరండి, అప్పుడు నానేటీ అన్ను. మోగకముందే ఏల?"

ఆ మాట నా లోపల ఎక్కడో ఆగింది. ఆ తరవాత ప్రతి గుండుకీ ముందు ఆ భయం వస్తుందేమోనని కనిపెట్టి ఉండేవాణ్ణి. వచ్చేది. చూస్తూ నిలబడితే పోయేది. సెప్టెంబరు మొదటి ఆదివారం ఆరింటిలో నాలుగు గుండ్రంలో పడ్డాయి. చంకలు గుద్దుకున్నాను. రివాల్వరు నడుముకి పెట్టుకుని డ్యూటీకి వెళ్ళడం మొదలుపెట్టాను. ఆ సంతోషమే నా చేత తప్పు చేయించింది.

పదిహేడో తారీఖు విశ్వకర్మ పూజ. జంషెడ్‌పూర్ చుట్టుపక్కల ఆ రోజు యంత్రం తిరగదు, సుత్తి లేవదు. పనిముట్లన్నీ కడిగి విగ్రహం ముందు పెడతారు. పంతులు బొట్టు పెట్టాక సాయంత్రం హారతి అయ్యేదాకా ఎవరూ దేన్నీ కదపరు. మా షెడ్డులో సుత్తులు, గరిటెలు, టైపు మిషను, మాలిక్ కారు తాళాలు, నా చీటీల పుస్తకం అన్నీ వరసగా పెట్టారు. అప్పుడు అచ్చుల పని చేసే తవిటయ్య కేకేశాడు.

"కాటా బాబూ, మీ పిత్తోలు కూడా ఎట్టండి. అదీ మీ పనిముట్టే కదేటి!"

అందరూ నా వైపు చూశారు. ఆ చూపుల్లో నాకు కనిపించిన గౌరవం నా బుర్ర తినేసింది. తూటాలు ఆరూ తీసి చేతిరుమాల్లో కట్టుకునే మాత్రం తెలివి మిగిలింది. ఖాళీ రివాల్వరుని హుందాగా తీసుకెళ్ళి విశ్వకర్మ పాదాల దగ్గర పెట్టాను. పంతులు దానికి సిందూరం పూసి, బంతి పువ్వు పెట్టాడు.

పది గంటలకి కార్మికుల ఇళ్ళవాళ్ళు ప్రసాదానికి వచ్చారు. జగదాంబ ఆటో దిగి, దణ్ణం పెట్టి, తల ఎత్తి చూసింది. ముందు పువ్వుని, తరవాత పువ్వు కింద ఉన్న దాన్ని, ఆ తరవాత నన్ను. ఆ చూపు ఖర్కాయి వంతెన మీద మనుషుల కంటే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"తూటాలు?"

రుమాలు మూట చేతిలో పెట్టాను.

"చేతిలో ఉండాల, లేకపోతే తాళంలో ఉండాల. దేవుడి దగ్గరైనా అంతే కదండి?" అంది. తియ్యమంటే పూజ చెడుతుంది, వదిలి వెళితే చుట్టూ పిల్లలు తిరుగుతున్నారు. తనే రివాల్వరుకి జానెడు దూరంలో మఠం వేసుకుని కూర్చుంది. కిచిడీ పెడితే వద్దంది. మంచినీళ్ళకి కూడా లేవలేదు.

పదకొండింటికి లారీ వచ్చింది. ఠేకేదారు లెక్కలు చూసే మున్షీ, వంతెన మీద చూసిన ఆ ఇద్దరూ దిగారు. లౌడ్‌స్పీకరు చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. వాళ్ళు తిన్నగా నా కాటా గదిలోకి వచ్చారు. ఒకడు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"కాటా బాబూ, ఆజ్ మషీన్ బంద్ హై. సిర్ఫ్ లిఖ్ దో" అన్నాడు మున్షీ. ఇవాళ మిషను నడవదు కాబట్టి తూచే పనే లేదు, పది టన్నులని రాసి సంతకం పెడితే చాలట. ఆ పూట చూసుకునే వచ్చాడు. నా బొమ్మ పిస్తోలు భగవాన్ దగ్గర ఆడుకుంటోంది కదా అని నవ్వాడు. రెండోవాడు నా కాలరు పట్టుకున్నాడు.

భయం వచ్చింది. రాలేదని చెబితే నోరు పడిపోతుంది. కానీ అది మోగకముందు వచ్చే భయమేనని పోల్చుకున్నాను. నా ఎడం కాలు నన్ను అడక్కుండానే ముందుకి పడింది. ఊపిరి సగం వదిలాను. కళ్ళు మూయలేదు. వాడు నా కళ్ళజోడు వైపు చెయ్యి తెచ్చినప్పుడు కూడా మూయలేదు.

"పూజ రోజున కాటా నడవదు. రేపు కాటా ఎక్కించండి, ఎంత ఉంటే అంత రాస్తాను. చూడకుండా రాయను" అని హిందీలో చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. 

మున్షీ నా కళ్ళలోకి చూశాడు. అవి దించుకుంటాయని కాచుక్కూర్చున్నాడు. కాలరు మీద పిడికిలి బిగిసింది. ఇక మోగుతుందనుకున్నాను.

"బాబూ, పెసాదం!"

తవిటయ్య. చేతిలో మూడు విస్తరాకు దొన్నెలు, వెనక కిచిడీ బకెట్టు మోస్తూ ఇద్దరు, నీళ్ళ చెంబులతో మరో నలుగురు. గుమ్మంలో ఉన్నవాణ్ణి తోసుకుని లోపలికి వచ్చేశారు. "విశ్వకర్మా బాబా కా భోగ్ హై, లీజియే" అంటూ దొన్నె కాలరు పట్టుకున్నవాడి ముందు చాపాడు తవిటయ్య.

ఇనుముతో బతికేవాడెవడైనా ఆ రోజు ఆ ప్రసాదం కాదనడు. అదీ ఒంటి చేత్తో అందుకోడు. వాడి చెయ్యి నా కాలరు వదిలింది. రెండు చేతులూ చాపి, తల వంచి దొన్నె అందుకున్నాడు. మున్షీ కూడా చెప్పులు విడిచి అందుకున్నాడు. వాళ్ళు తింటుంటే మా వాళ్ళు ఇరవై మంది చుట్టూ నిలబడి, ఇంకా తినండి ఇంకా తినండి అంటూ వడ్డించారు. చివరికి మున్షీ చెయ్యి కడుక్కుని, నా వైపు చూడకుండా, రేపు చూద్దామని గొణిగి లారీ ఎక్కాడు.

మర్నాడు ఆ లారీ రాలేదు. మా మాలిక్ ఆ ఇరవై మందినీ చూశాక ఆయనకీ కాస్త గుండె వచ్చింది. దీపావళి నాటికి ఆ ఠేకేదారుని మాన్పించాడు. ఆ తరవాత ఇరవై రెండేళ్ళు అదే కాటా దగ్గర పనిచేసి రిటైరయ్యాను. ఒక్క మనిషి మీదా ఆ రివాల్వరు ఎత్తలేదు, ఒక్క చీటీలోనూ తప్పు అంకె రాయలేదు.

ఆ పూజ రోజు సాయంత్రం హారతి అయ్యాకే జగదాంబ లేచింది. కాళ్ళు తిమ్మిరెక్కి తూలితే పట్టుకున్నాను. సిందూరం పమిట చెంగుతో తుడిచి, గొట్టం లోంచి వెలుగు చూసి, రివాల్వరు నా చేతిలో పెట్టింది. ప్రసాదం ఎవరు పంపారని తవిటయ్యని అడిగాను.

"అమ్మే. సుట్టాలొచ్చేరు, గదిలో ఉన్నారు, బేగి ఎట్టమన్నారు. కూకున్న కాడ్నించి కదల్లేదు గానీ కళ్ళు మాత్తరం మీ గది మీదే."

ఆటోలో సోనారికి వస్తూ అడిగాను. "అంతా చూశావు కదా. నువ్వెందుకు రాలేదే?"

"ఎడం కాలు ముందుకేసేరు. మోకాళ్ళు బిగించనేదు. అంత సరిగ్గా నిలబడ్డోరి దగ్గిరికి నానేల రావాల?"

ఖర్కాయి వంతెన దాటుతున్నాం. "తూటాలియ్యి" అన్నాను. ఆవిడ పిడికిలి విప్పింది. పొద్దుట్నించి ఆ రుమాలు మూట ఆవిడ గుప్పెట్లోనే ఉంది. అరచేయి ఎర్రగా కమిలిపోయి, మధ్యలో తూటాల అడుగులు దిగిపోయి గుండ్రం గుండ్రంగా గుర్తులు పడ్డాయి. రెండు చోట్ల చర్మం చిట్లింది. 

"జగదాంబా, నువ్వూ భయపడ్డావా?"

ఆవిడ నది వైపు తిరిగింది.

"ఆఁ" అంది. "మోగకముందే."

ఆటోవాడు అద్దంలో చూస్తున్నాడని తెలిసినా ఆ చెయ్యి రెండు చేతులతో అందుకుని నా ఒళ్ళో పెట్టుకున్నాను. సోనారి వచ్చేదాకా వదల్లేదు. నా బతుకంతా ఈ మనిషికి రుణపడి ఉన్నానని ఆ రోజు నోటితో చెప్పలేకపోయాను. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.