పసుపు వేళ్ళు

వాగియెం వేళ్ళు చూస్తే చాలు, ఆవిడ పనేమిటో సోలో అనే ఊరి శివార్లలో ఎవరైనా చెప్పేస్తారు. ముప్పై ఏళ్ళుగా పచ్చిపసుపు నూరి, కషాయాలు సీసాలకెత్తి, గంప వీపున కట్టుకుని వీధులు తిరిగే మనిషి. ఆ పసుపు సబ్బుకీ లొంగదు, చింతపండుకీ లొంగదు. లస్మిని ఆవిడ తమ్ముడి భార్య. పక్కపక్క ఇళ్ళు, ఇద్దరికీ షుగరే.

ఆ నెల ముసలివాళ్ళ పరీక్షలకి నర్సు రెత్నో కొత్త యంత్రం తెచ్చింది. సూది లేదు, నెత్తురు లేదు. వేలు క్లిప్పులో పెడితే వెలుగు లోపలికి దూరి షుగరు అంకె చెబుతుందట. ఇంకా పరీక్షలో ఉన్న సరుకే. లస్మినికి రెండొందల తొంభై వచ్చింది. వాగియెంకి నూటపది.

అంతే, ఇక వాగియెంని పట్టడం ఎవరి తరం!

"చూశారా, నా నేలవేము కషాయం మహిమ? మా మరదలు సూదులు పొడుచుకుని జల్లెడైంది, ఏం లాభం? పోన్లే, పిల్లలు పుట్టకపోయినా చీమలైనా చేరతాయి పక్కలోకి," అంది.

అందరూ పకపకా నవ్వారు. లస్మిని కూడా నవ్వింది. ఇంటికెళ్ళి తలుపేసుకుని ఏడ్చింది.

మూడోరోజు రెత్నో లస్మిని గుమ్మంలోకి వచ్చింది. అప్పటికి వాగియెం వీధుల్లో తిరుగుతోంది. పసుపు పట్టిన వేళ్ళకి ఆ యంత్రం తప్పుడు అంకె చూపిస్తోందట, ఇంకో కషాయాలామె దగ్గర బయటపడిందట. తను శిక్షణకని రెండు నెలలు నగరానికి పోతోందట. వాగియెంని మాత్రలు మానొద్దనీ, వెంటనే సూదితో పరీక్ష చేయించుకోమనీ చెప్పమంది.

"మర్చిపోకండి. ఆవిడ మడమ మీద పుండు చూశాను. కాలికే ముప్పు."

లస్మిని సరేనంది. సాయంత్రం వెళ్ళింది కూడా. వాగియెం మాత్రలన్నీ చెత్తలో పారబోస్తోంది.

"ఏమే చీమలపుట్టా, నీకూ ఓ గ్లాసు పొయ్యనా?" అంది.

లస్మిని ఆ గ్లాసు తాగి, బావుందని మెచ్చుకుని వచ్చేసింది. రేపు చెబుదాంలే అనుకుంది. మర్నాడూ అలాగే అనుకుంది. వారానికల్లా అనుకోవడం కూడా మానేసింది. వదిన కుంటుకుంటూ సందు మలుపు తిరుగుతుంటే కిటికీలోంచి చూసేది, కడుపు చల్లబడేది. పాపిష్టిది, ఆ రోజుల్లో అన్నం కూడా రుచిగా తినేది.

రెండు నెలలకి వాగియెం కాలు మోకాలి కింద తీసేశారు. నగరం నుంచి తిరిగొచ్చిన రెత్నో నేరుగా ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చి, మంచం పక్కనే లస్మినిని నిలదీసింది. పసుపు సంగతి, పరీక్ష సంగతి చెప్పమన్నాను కదా, చెప్పారా లేదా అని.

లస్మిని చూపు నేలకి దించుకుంది. వాగియెం ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు.

"చెప్పింది తల్లీ. నేనే వినలేదు," అంది.

నర్సు నిట్టూర్చి వెళ్ళిపోయింది. లస్మినికి ఏడుపు ఆగలేదు. వదిన చెయ్యి పట్టుకోబోయింది. వాగియెం చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఏడుపాపు. ఇది తెలిస్తే మా తమ్ముడు నిన్ను గడప తొక్కనివ్వడు. నేను చెప్పన్లే. రోజూ పొద్దున్నే వచ్చి నన్ను ఎత్తి కూర్చోబెట్టాలి, కడగాలి, పియ్యీ ఉచ్చా తియ్యాలి. నేను చచ్చేదాకా. తొందరగా చావను కూడా, ఇప్పుడు మాత్రలు వేసుకుంటున్నాగా."

దుప్పటి తీసి, ఉన్న ఒక్క కాలూ బయటికి చాపింది.

"మొదలుపెట్టు."

లస్మిని నీళ్ళు తేవడానికి లేచింది.