దిష్టిబొమ్మ డబ్బా

పొదుపు మంచిదని మనందరం ఒప్పుకుంటాం. చినిగిన చీర విసనకర్రకి అంచవుతుంది, ఖాళీ డబ్బా వంటింట్లో పప్పులకీ పిండికీ నెలవవుతుంది. పేదింటి ఇల్లాలికి ఈ విద్య ఎవరూ నేర్పక్కర్లేదు. ఉన్నదాంతో సర్దుకోమని ఆమెకి మనం ఉపన్యాసాలివ్వడమంటే తాతకి దగ్గులు నేర్పడమే. కాని పాఠక మహాశయులారా, ఆ ఖాళీ డబ్బాలో అంతకుముందు ఏముండేదో ఎప్పుడైనా అడిగామా? అడగనందుకు ఒక ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను, వినండి. చెప్పేటప్పుడు నా గొంతు పెరిగితే మన్నించండి.

బొబ్బిలికి కోసెడు దూరంలో ఒక క్రైస్తవపేట. అరవై ఎనిమిదో సంవత్సరం, జూన్ నెల. మృగశిర ప్రవేశించినా చినుకు లేదు. పేటలోని బాప్టిస్టు చర్చిలో ఆ ఆదివారం తండ్రుల పండుగ చెయ్యాలని నిశ్చయించారు. సండేస్కూలు టీచరు జ్ఞానసుందరమ్మగారు పిల్లల్ని కూర్చోబెట్టి ముందే చెప్పారు.

"కొట్లో కొన్నది ఒక్కటీ తేకూడదు. మీ నాన్నకి మీ చేతులతో చేసిందే ఇవ్వాలి. ఇంట్లో ఉన్నదాంతోనే చెయ్యాలి. బుద్ధి ఉన్నవాళ్ళ ఇంట్లో పారెయ్యాల్సిన వస్తువంటూ ఏదీ ఉండదర్రా!"

ఎంత చక్కని మాట! ఆ మాటే తర్వాత ఆవిడ గుండెల్లో ముల్లయి కూర్చుంది.

పిల్లల్లో పరంజ్యోతి చురుకైనది. పదేళ్ళది. దాని తండ్రి డేవిడ్‌రాజు ఊళ్ళో జగన్నాధం నాయుడుగారి పొలంలో పాలేరు. శనివారం పొద్దున్నే తండ్రి పొలానికి వెళ్ళగానే పిల్ల పని మొదలుపెట్టింది. తాటాకు విసనకర్రకి తల్లి పాతచీర అంచు కుట్టింది. కుట్లు వంకరటింకరగా వచ్చాయి, వేలికి సూది గుచ్చుకుంది, అయినా మానలేదు. తర్వాత తల్లి లీలారాణీ, నాయనమ్మ దాలమ్మా చెరో చెయ్యీ వేస్తే చోడిపిండి, అదే రాగిపిండి, వేయించి, నువ్వులూ బెల్లం దంచి కలిపి, కాస్త నువ్వులనూనె పోసి ఉండలు చుట్టింది. ఇల్లంతా కమ్మటి వాసన.

"దేన్లో పెడతామే అమ్మా? ఆకులో సుడితే అందరూ నవ్వుతారు," అంది జ్యోతి.

లీలారాణి అటక మీంచి ఒక డబ్బా దించింది. కిందటేడు నాయుడుగారి కొత్తరకం వరికి పురుగు పడితే, పట్నం నుంచి మందు తెప్పించి డేవిడ్‌రాజు చేత కొట్టించారు. ఒంటిమీద చొక్కా కూడా లేకుండా కొట్టాడతను. పని బాగా చేశాడని మెచ్చుకుని నాయుడుగారు ఖాళీ డబ్బా చేతిలో పెట్టారు. డేవిడ్‌రాజు మురిసిపోయి, కమ్మరి చేత మూతి కోయించి, మూత చేయించి, బూడిదతో తోమించి, పండగలకి పనికొస్తుందని అటకెక్కించాడు.

డబ్బా మీద ఏవో ఇంగ్లీషు అక్షరాలున్నాయి. వాటి మధ్య ఎర్రటి గడిలో ఒక పుర్రె, దాని కింద అడ్డంగా రెండు ఎముకలు. జ్యోతి కొబ్బరిపీచూ ఇసుకా పట్టుకుని డబ్బా తోమబోతుంటే దాలమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఒసే గుంటా, ఆ బొమ్మని గోకీకు! దిష్టిబొమ్మది. మీ అయ్య మీద పాడుకళ్ళు పడకుండా కాస్తాది."

లీలారాణి మిషను బడిలో నాలుగక్షరాలు నేర్చుకున్న మనిషి. ఆమెకి ఒళ్ళు మండింది.

"ఏటత్తా నువ్వు! బాప్తిస్మం తీసుకుని ఇన్నేళ్ళయినా ఇంకా దిష్టులేటి? సర్చిలోకి దిష్టిబొమ్మ అట్టుకెళ్తే నలుగురూ ఏటనుకుంటారు? గోకీ జ్యోతీ, సుబ్బరంగా గోకీ!"

"నీ ఇష్టమమ్మా. పెద్దముండ మాట ఎవులింతారు," అని దాలమ్మ మూతి ముడుచుకుంది.

పిల్ల గోకేసింది. పుర్రె పోయింది, ఎముకలు పోయాయి. ఆ స్థానంలో రంగుకాగితంతో సిలువ కత్తిరించి గంజితో అంటించింది. చూశారా! ఆ డబ్బాకి "నన్ను ముట్టుకోకండి" అని అరవడానికి ఉన్నది ఆ ఒక్క నోరే. అత్తగారికి అది అర్థం కాలేదు, కోడలికీ కాలేదు. ఒకరు నమ్మకంతో మొక్కబోయారు, ఒకరు భక్తితో చెరిపేశారు.

"అమ్మా, లోపల ఏదో ఘాటు వాసనేస్తన్నాది."

"మందు వాసనే. ఎప్పుడో కడిగినాం కదేటి. నిమ్మడొప్ప రుద్దు, పోతాది."

డొప్ప రుద్దారు. వాసన పోయింది. వేడి ఉండలు డబ్బాలో పేర్చి మూత పెట్టారు.

ఆదివారం చర్చి కళకళలాడింది. ఒకడు కొబ్బరాకు బూర ఇచ్చాడు, ఇంకొకర్తె గవ్వల దండ ఇచ్చింది. పేరు పిలిస్తే డేవిడ్‌రాజు సిగ్గుపడుతూ లేచాడు. కూతురు ఒక చేతికి విసనకర్ర, ఇంకో చేతికి డబ్బా ఇచ్చింది. ఆ మోటు మనిషికి కళ్ళు చెమర్చాయి. జన్మలో అతనికి ఎవరూ ఏదీ బహుమానం ఇచ్చి ఎరగరు, ఆ ఖాళీ డబ్బా తప్ప.

డేవిడ్‌రాజుకి ఒక అలవాటుంది. తినేది ఏది దొరికినా ముందు పిల్లలకి పెడతాడు. ఇంట్లోనూ అంతే, పొలంలోనూ అంతే. మూత తీసి, చుట్టూ మూగిన పిల్లలకి తలో ఉండా పంచాడు. జ్యోతికి ఏడుపొచ్చింది.

"అయ్యా! నీకోసం సేసినాను. నువ్వు తినవేటి?"

"తింటానే తల్లీ. అడుగున ఉన్నాది నాదే కదేటి."

అడుగున విరిగిన ముక్కలూ, నూనెకి అంటుకుపోయిన పొడీ మిగిలాయి. డబ్బా ఒంపుకుని, అంచుల్లో ఇరుక్కున్నది వేలితో గీరి మరీ తిన్నాడు. కూతురు చేసినదాన్ని రేణువైనా పారేస్తాడా?

ఆఖరి కీర్తన పాడుతున్నారు. డేవిడ్‌రాజు చేతిలో విసనకర్ర వణికింది. తర్వాత చెయ్యి వణికింది. చూస్తుండగానే మనిషి మొదలు నరికిన చెట్టులా బల్లల మధ్య పడ్డాడు. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి, నోట నురుగు. పాట ఆగిపోయింది. "ఎండదెబ్బరా!" అన్నారొకరు. "గాలి సోకినాది!" అన్నారింకొకరు. ఇంతలో బయట వాకిట్లో ఒక పిల్లవాడు వాంతి చేసుకున్నాడు. వాడి వెనకాలే ఇంకో పిల్ల కడుపు పట్టుకుని కూలబడింది.

"ఓలమ్మో! ఏటయిపోనాది దేవుడా!" లీలారాణి గుండెలు బాదుకుంది.

బళ్ళు కట్టి అందరినీ పట్నం ఆసుపత్రికి చేర్చారు. డాక్టరుగారు డేవిడ్‌రాజు కనురెప్పలెత్తి చూసి, సూది మందిచ్చి, లీలారాణి వైపు తిరిగారు.

"ఏం తిన్నాడు?"

"సోడి ఉండలు బావూ. పిల్ల సేసినాది."

"దేంట్లో పెట్టారు?"

లీలారాణి డబ్బా చూపించింది. రంగుకాగితం సిలువ తప్ప దానిమీద ఏమీ లేదు. డాక్టరు వాసన చూశారు. నిమ్మ వాసన.

"ఇది ఎక్కడిది? దీనిమీద ఏం రాసుంది? త్వరగా చెప్పండమ్మా, ఏ విషమో తెలియకుండా నేనేం వైద్యం చెయ్యను?"

దాలమ్మ ముందుకొచ్చింది.

"దిష్టిబొమ్మ ఉండేది బావూ. గోకీసినాం."

"దిష్టిబొమ్మేమిటి?"

ముసలమ్మ వేలితో గాల్లో గీసి చూపించింది. "బోడి తలకాయి. దాని కింద రెండెముకలు, ఇలా అడ్డంగా. నాయుడుబాబు సేలో పురుగుకి కొట్టిన మందు డబ్బా."

డాక్టరుగారు డబ్బాని అవతల పెట్టేశారు.

"అమ్మా! అది దిష్టిబొమ్మ కాదు. ఇందులో ఉన్నది నోట్లోకి పోతే చస్తారని చెప్పే గుర్తు! ఇది పురుగుల్ని చంపే విషం. దీన్ని గోకేసి తినుబండారం పెట్టారా? అదీ నూనెతో!"

జ్యోతికి ఆ మాటల్లో సగమే అర్థమైంది. ఆ సగమే చాలు.

"అమ్మా, మరి అయ్యని నానే సంపేసినానా?" అంది.

పిల్ల మంచం పక్కన నిలబడి, వంకరకుట్ల విసనకర్రతో తండ్రికి విసరడం మొదలుపెట్టింది. మందలించినా ఆపలేదు, బతిమాలినా ఆపలేదు. చేతులు మార్చుకుంటూ విసురుతూనే ఉంది.

మర్నాడు మధ్యాహ్నానికి ఫిట్లు తగ్గాయి. డేవిడ్‌రాజు కళ్ళు తెరిచి, "గుంటలు బాగున్నారా?" అని అడిగాడు. బాగున్నారు. పైన ఉన్న ఉండలకి విషం అంతగా అంటలేదు, అందరూ కక్కుకుని బయటపడ్డారు. విషమంతా అడుగు అతుకుల్లోంచి నూనెలోకి ఊరి, కిందనున్న పొడికి పట్టిందని డాక్టరుగారు చెప్పారు. ఆ పొడి ఏ పసివాడి నోట్లోనైనా పడి ఉంటే శవమే మిగిలేదట. పిల్లలకి పెట్టి తాను అడుగు తినే అలవాటే ఆ పేట పిల్లల్ని కాపాడింది. ఆ అలవాటే అతన్ని చావుదాకా ఈడ్చుకెళ్ళింది.

జ్ఞానసుందరమ్మగారికి ఆ మాట విన్నాక కాలు నిలవలేదు. పేటంతా ఇల్లిల్లూ తిరిగారు. ఒక ఇంట్లో అలాంటి డబ్బాలోనే బియ్యం. ఇంకో ఇంట్లో ఆ డబ్బాయే కుండలో ముంచుకునే చెంబు. మరో ఇంట్లో చంటిదానికి జావ కాచే చోడిపిండి! బొమ్మ కొన్నిటి మీద ఉంది, కొన్నిటి మీద లేదు. ఎక్కడిదని అడిగితే అందరిదీ ఒకటే మాట: "నాయుడుబాబు ఊరికే ఇచ్చినాడమ్మా."

చివరికి చర్చికి వచ్చి, బీరువా తెరిచారు. ప్రభువు బల్ల ఆరాధనలో అందరికీ పంచే ఎండుద్రాక్షల రసం నిలవ ఉంచే డబ్బాని తిప్పి చూశారు. మసి పట్టిన పక్కన ఎర్రటి గడి, అందులో సగం పుర్రె. ఆవిడ కెవ్వుమన్నారు. కిందటి క్రిస్మస్‌కి నాయుడుగారు చర్చికి కానుకగా ఇచ్చిన డబ్బా అది. సభలో నిలబడి చప్పట్లు కొట్టించి కృతజ్ఞతలు చెప్పింది తనే. నెలనెలా ఆ రసం గిన్నెల్లో పోసి ఇచ్చింది తన చేతులే. బల్లమీద చతికిలబడి, తన చేతులకేసి చూసుకున్నారు. ఆవిడ చదువుకున్న మనిషి. ఆవిడా చూడలేదు.

ఆ డబ్బా పట్టుకుని, లీలారాణిని వెంటబెట్టుకుని, నేరుగా నాయుడుగారింటికి వెళ్ళారు. నాయుడుగారు వీధి అరుగు మీద కూర్చున్నారు.

"ఇందులో విషం ఉండేదని మీకు తెలుసా నాయుడుగారూ?"

"ఖాళీ డబ్బాలు టీచరమ్మా. పేదోళ్ళకి పనికొస్తాయని ఊరికే ఇచ్చినాను. కడుక్కోడం సేతకాకపోతే నానేటి సేస్తాను? దానం సేసినా తప్పేనా?"

మాట పూర్తవకముందే లోపల్నుంచి ఆయన భార్య దేముడమ్మ గుమ్మంలోకి వచ్చింది. టీచరమ్మ చేతిలో డబ్బా చూసి ఒక్క అరుపు అరిచింది.

"ఓలమ్మా! ఆ డబ్బా మా గుమ్మంలోకి తెచ్చినారేటి! అవతల పెట్టండమ్మా, బేగి! మా ఇంట్లో సిన్నపిల్లలున్నారు!"

లీలారాణి ఆవిడకేసి నోరు తెరుచుకుని చూసింది. దేముడమ్మకి తానేమన్నదీ అప్పుడు తెలిసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయుడుగారు తల దించుకున్నారు.

తెలుసు! వాళ్ళకి తెలుసు! అయ్యా, దీనికేమనాలి? తెలియక చేసిన తప్పుకి మందుంది. తన పిల్లల దగ్గరికి రానివ్వని దాన్ని ఎదుటివాడి పిల్లలకి ఇచ్చి, దానికి దానమని పేరు పెట్టుకునే గుణానికి ఏ ఆసుపత్రిలో మందుంది?

మరుసటి ఆదివారం పేటకి దూరంగా, నూతులకీ చెరువుకీ ఎడంగా, మెట్టలో లోతుగా గొయ్యి తవ్వారు. ఇల్లిల్లూ ఒకటీ రెండూ డబ్బాలు తెచ్చి కుప్ప పోశారు. జ్ఞానసుందరమ్మగారు ఆ కుప్ప పక్కన నిలబడ్డారు.

"పిల్లలూ, పారెయ్యాల్సిన వస్తువంటూ ఉండదని మీకు నేనే చెప్పాను. ఆ మాట తప్పు. ఉంది. ఇదిగో, ఇదే. బీదవాళ్ళం కాబట్టి పొదుపు చేద్దాం, చేతులతోనే కానుకలు చేసుకుందాం. కాని ఏ వస్తువు ఇంటికొచ్చినా ఇదేమిటి, ఇందులో ఏముండేదని అడుగుదాం. అర్థంకాని బొమ్మ కనిపిస్తే దానికి మొక్కొద్దు, దాన్ని చెరపొద్దు. చదివినవాళ్ళని అడుగుదాం. చదివినవాళ్ళం అడగకపోయినా చెబుదాం."

నాయుడుగారు కూడా వచ్చి, ఒక వారగా నిలబడ్డారు. ఎవరూ పిలవలేదు, ఎవరూ పొమ్మనలేదు. డేవిడ్‌రాజు ఇంకా నీరసంగానే ఉన్నాడు. కూతురి భుజం ఊతం చేసుకుని లేచి, గునపం అందుకున్నాడు. మొదట తన డబ్బానే నేలమీద పెట్టి, ఇంకెవరూ వాడుకోకుండా అడుగున తూటు పొడిచాడు. జ్యోతి అంటించిన కాగితం సిలువని మాత్రం ముందే జాగ్రత్తగా ఊడదీయించాడు. అది ఇప్పుడు విసనకర్ర మీద ఉంది.

నాయుడుగారు దగ్గరికొచ్చి, "ఒరే డేవిడూ, ఏటిమ్మంటావో అడుగు. ఇస్తాను," అన్నారు.

డేవిడ్‌రాజు గునపం పక్కన పెట్టి, కూతురి తలమీద చెయ్యి వేసి, నెమ్మదిగా అన్నాడు.

"మాకేటీ ఇవ్వక్కర్నేదు బావూ. మీ గడప లోపలికి రానియ్యని వస్తువుని మా పిల్లల సేతికి ఇవ్వకండి. అది సాలు."