రెండు ముళ్ళ నాడా

మా మరిదికి అన్నీ తెలుసు. తెలియదన్న మాట ఆ నోట విన్నవాళ్ళు ఇంకా పుట్టలేదు. గోళ్ళు తీసుకునే కటర్ కొనాలన్నా వారం పాటు ఫోన్లో చదివి, ఇంటిల్లిపాదికీ పాఠం చెప్పి, చివరికి పనికిరానిదొకటి పట్టుకొస్తాడు. అందుకే నేను మనసులో వివరాల్రావు అని పేరు పెట్టుకున్నాను. పైకి మాత్రం మరిదిగారూ అనే పిలిచేదాన్ని. చెల్లెలి కాపురం, నోరు కట్టుకోక తప్పుతుందా? నోరు కట్టుకోవడం నాకెంత కష్టమో నా టైలరింగ్ షాపుకొచ్చే ఆడవాళ్ళనడగండి, చెబుతారు.

చెల్లెలు సైకిలు నేర్చుకుంటానంది. "నేను వద్దంటానా?" అన్నాడు వివరాల్రావు. తెచ్చాడు. గేర్ల సైకిలు, తళతళలాడిపోతోంది. ఎక్కి కూర్చుంటే చెల్లెలి కాళ్ళు నేలకి జానెడెత్తున వేలాడాయి. సీటు అంతకన్నా కిందికి దిగదట. ఇప్పుడు దాని మీద తువ్వాళ్ళు ఆరేస్తున్నారు. నా దగ్గర చొక్కాల పని తీసుకుని ఇంట్లో కుట్టుకుంటానంది. "నేను వద్దంటానా?" అన్నాడు. ఫ్యాక్టరీల్లో వాడే మెషీను తెచ్చాడు. స్విచ్చి వేయగానే ఇంట్లో ఫ్యూజులు ఎగిరిపోయాయి. ఇప్పుడు దాని మీద టీవీ కూర్చుంది. పెళ్ళాం ఎత్తెంతో తెలియదు, సొంతింట్లో కరెంటెంతో తెలియదు, లోకంలోని వివరాలన్నీ మాత్రం కావాలి. చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే కాబోలనుకుని, ఇంటికెళ్ళి మా ఆయనతో చెప్పి పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకునేదాన్ని.

చెల్లెలు మాత్రం నవ్వేది కాదు. దానికి హాస్యం తక్కువ అనుకునేదాన్ని.

పెళ్ళికి ముందు అది కళ్ళజోళ్ళ షాపులో పని చేసేది. అద్దాలు అరగదీసి, ఫ్రేముల్లో బిగించి, ఎదుటివాళ్ళ ముక్కు మీద పెట్టి సరిచేసేది. ఆ పనంటే దానికి ప్రాణం. ఇన్నాళ్ళకి షాపు పెద్దాయన కబురు పెట్టాడు. పూట పని ఉంది, పిల్లాణ్ణి వెనక గదిలో పెట్టుకోవచ్చు, కానీ పిల్లల్ని తోసే బండిలో బెల్టు పెట్టి కూర్చోబెట్టాలి, అద్దాల మధ్య పాకే పిల్లాడు వద్దు. సోమవారం వస్తే సరే, రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటానన్నాడు.

పిల్లాడంటే పండుగాడు. ఏడాదిన్నర వాడు, గుండ్రాయిలా ఉంటాడు. కాన్పు దగ్గర్నుంచి చెల్లెలికి నడుం నొప్పి. వాణ్ణి చంకనేసుకుని రెండంతస్తులు దిగగలదేమో గానీ, షాపుదాకా మోసుకెళ్ళలేదు. ఆ ఇంటికి లిఫ్టు లేదు. కాబట్టి బండి ఉంటే పని ఉంది, బండి లేకపోతే పని లేదు. వివరాల్రావు సాయంత్రం కొంపకి చేరేదాకా పిల్లాడితో వీధి వైపు కిటికీ దగ్గర కూర్చోవాలి. వాడు పుట్టినప్పటి నుంచీ అక్కడే కూర్చుంది.

"అక్కా, ఈ ఒక్కటీ సరైంది కొనిపించవే," అని ఫోన్ చేసింది.

"ఆయనేమన్నాడు?"

"నేను వద్దంటానా అన్నారు."

"ఇంకేం మరి! ఆదివారం ముగ్గురం వెళ్దాం."

నేను కొలతల మీద బతికే మనిషిని. ముందు రోజే ఒక పైజామా నాడా పట్టుకుని బయల్దేరాను. వాళ్ళ మెట్లు మలుపు తిరిగే చోట రెండు గోడల మధ్య ఎంత సందుందో చూసి ఒక ముడి వేశాను. కళ్ళజోళ్ళ షాపు వెనక గది తలుపు చూసి ఇంకో ముడి వేశాను. మడిచిన బండి మొదటి ముడి దాటకూడదు, విప్పిన బండి రెండో ముడి దాటకూడదు. టేపు తీసుకెళ్తే అంకెలు చెప్పాలి, అంకెలు చెబితే వివరాల్రావు వాదనకి దిగుతాడు. ముడితో ఎవడు వాదిస్తాడు? ఎంత మొద్దుకైనా అర్థమయ్యేలా చేశానని నా భుజం నేనే తట్టుకున్నాను.

పిల్లల సామాన్ల షాపులో మెడకి టై, మొహానికి ఇస్త్రీ చేసిన నవ్వు వేసుకున్న సేల్స్‌మన్ ఎదురొచ్చాడు.

"స్ట్రోలరా సార్? ఎలాంటిది చూపించమంటారు?"

"తోసేది," అన్నాను నేను.

అతను నన్ను దాటి వివరాల్రావుతోనే మాట్లాడాడు. షాపుల్లో ఇదొక జబ్బు. తోసేది ఆడది, మోసేది ఆడది, వివరాలు మాత్రం మగాడికి. ఇద్దరూ స్ప్రింగులనీ, చక్రాల బేరింగులనీ మొదలుపెట్టారు. మధ్యలో ఒక బండిని చూపించాడు. అబ్బో, ఏం బండి! సైకిలు చక్రాలంత చక్రాలు, కాఫీ కప్పుకో గుంట, ఫోనుకో గుంట, ఎండకో తెర, వానకో తెర.

"పిల్లాడికి కూడా ఎక్కడైనా చోటుందా నాయనా?" అనడిగాను.

సేల్స్‌మన్ నవ్వలేదు. చెల్లెలు మాత్రం కిసుక్కుమంది. చాలా రోజులైంది దాని నవ్వు విని.

ఆ మూల గోడకి ఒక చిన్న బండి తగిలించి ఉంది. దాన్నెవరూ చూపించలేదు, చెల్లెలే వెళ్ళి దించింది. గొడుగులా మడుచుకునే రకం, భుజానికి తగిలించుకోవడానికి పట్టీ ఉంది. ఒక చేత్తో పండుగాణ్ణి పట్టుకుని, ఇంకో చేత్తో విదిలిస్తే విప్పుకుంది. వాణ్ణి కూర్చోబెట్టి బెల్టు పెట్టింది. పిడి సరిగ్గా దాని నడుం దగ్గరికి వచ్చింది, వంగక్కర్లేదు. వాడి కాళ్ళు కింది పలక మీద ఆనాయి, వీపు వెనక్కి వాలింది. రెండు అలమరల మధ్య నుంచి అటు వెళ్ళి ఇటు వచ్చింది. పండుగాడు పట్టీ నోట్లో పెట్టుకుని హాయిగా చప్పరిస్తున్నాడు. చెల్లెలి మొహం చూశాను. అద్దాలు బిగించే రోజుల్లో ఉండే మొహం అది.

"మరిదిగారూ, ఇదిగో దొరికింది," అన్నాను. నాడా తీసి ముళ్ళ సంగతి విడమరిచి చెప్పాను.

"భలే ఆలోచన వదినగారూ! ఇలా ఇవ్వండి, నేను చూస్తా," అని నాడా అందుకున్నాడు.

ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందిరా దేవుడా అనుకున్నాను. ఎంత శ్రద్ధగా కొలిచాడనుకున్నారు! చిన్న బండి మడిచి పెట్టాడు, ముడికి లోపలే. విప్పి పెట్టాడు, లోపలే. "ఊఁ," అని పక్కకి జరిపాడు. ఇంకో మధ్యరకం బండికి పెట్టాడు. అదీ బొటాబొటీగా లోపలే. "ఊఁ," అని దాన్నీ జరిపాడు. పెద్ద బండికి పెట్టాడు. మడిచినా విప్పినా ముడి దాటి జానెడు బయటికొచ్చింది. అనుమానం తీరక మళ్ళీ పెట్టి చూశాడు. నాడా చక్కగా చుట్టి నా చేతిలో పెట్టి, సేల్స్‌మన్ వైపు తిరిగాడు.

"ఇదే ఇచ్చేయండి."

"అయ్యో మరిదిగారూ, అది పట్టనిది! ముడి దాటితే పట్టనట్టు!"

"తెలుసు వదినగారూ. కానీ పిల్లాడి వెన్నెముక ముఖ్యం కదా. ఆ గొడుగు బండిలో స్ప్రింగులేవీ? పెద్దదాన్ని తను ఎలాగూ దింపలేదు, నేనున్నప్పుడు నేనే దింపుతాను. సెలవు రోజుల్లో ముగ్గురం షికారెళ్తాం. పనంటారా, ఈసారి కాకపోతే ఇంకోసారి. నేనేమన్నా వద్దన్నానా?"

చెల్లెలు నా పక్కకి వచ్చి మెల్లిగా అంది. "ఆ నాడా ఆయన చేతికెందుకిచ్చావక్కా?"

కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

అప్పుడు వెలిగింది నాకు. సైకిలు సీటు ఎంత ఎత్తుండాలో కొలిచే కొన్నాడు. మెషీను ఎంత కరెంటు లాగుతుందో చదివే తెచ్చాడు. కొలతలు రాని మొద్దని ఇన్నేళ్ళూ పడీ పడీ నవ్వింది నేను! వాడు నాకన్నా కచ్చితంగా కొలుస్తాడు. పట్టేది కొనడానికి నేను కొలిస్తే, పట్టనిది కొనడానికి వాడు కొలిచాడు. పైగా కొలబద్ద నేనే ముళ్ళు వేసి మరీ చేతికిచ్చాను. తడిగుడ్డతో గొంతు కోసే రకమంటారే, ఆ రకం. పొద్దస్తమానం గుడ్డలతో బతికేదాన్ని, ఆ గుడ్డ నా కంటికే ఆనలేదు. ఆ క్షణం నుంచి నాకు వాడు మరిదిగారు కాడు, ఉత్త వాడే.

కట్టుకున్న నోరు ఊడిపోయింది.

"అమ్మా, ఇలా రండమ్మా, చూద్దురుగాని!" అని షాపంతా వినబడేలా పిలిచాను. నిండు కడుపుతో ఉన్నావిడ, ఆవిడ తల్లి, ఇంకో జంట తిరిగి చూశారు. "ఈయన పెళ్ళానికి కాళ్ళందని సైకిలు కొనిపెట్టాడు. ఇంట్లో తిరగని మెషీను కొనిపెట్టాడు. ఇప్పుడు గుమ్మంలో పట్టని బండి కొనిపెడుతున్నాడు. ఎంత ప్రేమో చూడండి!"

"వదినగారూ! నలుగురిలో ఏమిటిది?"

"నలుగురిలోనే చెప్పండి. మీ ఆవిడ ఆ చిన్న బండి కావాలంటోంది. వద్దంటారా? అనండి మరి. ఒక్కసారి నోరు తెరిచి వద్దనండి, మేమందరం వింటాం."

నిండు కడుపుతో ఉన్నావిడ వాడి మొహంలోకి చూస్తూ నిలబడిపోయింది. సేల్స్‌మన్ ఇస్త్రీ నవ్వు కూడా నలిగింది.

"సార్, ఏది వేయమంటారు?"

"నేనెందుకు వద్దంటాను?" అన్నాడు వాడు, చెవులు ఎర్రగా చేసుకుని. "రెండూ వేయండి."

రెండూ! పరువు కోసం రెండు బండ్లు కొన్న మగాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. వీడి వివరాలు తగలెయ్య! కానీ ఇంటికెళ్తూ చెల్లెలు చిన్న బండి పిడి వదల్లేదు. వాడు పెద్దదాన్ని తోసుకుంటూ వెనక వచ్చాడు. అంత తేలిగ్గా ఊరుకుంటాడా అని నాకు భయం వేసింది.

సోమవారం పొద్దున్నే నా షాపు తాళం తీయకుండానే వాళ్ళింటికి వెళ్ళాను. చెల్లెలు దిగుతుందో దిగదో కళ్ళారా చూస్తే తప్ప సూదిలో దారం ఎక్కేలా లేదు. మెట్ల కింద నిలబడి పైకి చూస్తే, మలుపు దగ్గర రెండు గోడల మధ్య ఆ పెద్ద బండి అడ్డంగా ఇరుక్కుని ఉంది. చక్రాలు ఇటు, తెరలు అటు. ఆ పైన ఉండేది వీళ్ళ కాపురం ఒక్కటే. ఇంకెవరికీ అడ్డం కాదు.

"ఏమేవ్! ఏమిటిది?" అని అరిచాను.

మలుపు పైనుంచి చెల్లెలి గొంతు వినిపించింది. "రాత్రి పైకి తేబోతే ఇరుక్కుందట. పొద్దున దీని మీంచి దాటి ఆఫీసుకెళ్ళారు. సాయంత్రం వచ్చి తీస్తాలే అన్నారు."

ఎంత చక్కగా కొలిచాడు! ఆరడుగుల మగాడు దాటిపోగలడు. నడుం నొప్పిదీ, చంకలో పిల్లాడూ దాటలేరు. సాయంత్రం లోపు కళ్ళజోళ్ళాయన ఇంకొకరిని పెట్టుకుంటాడు. వద్దన్న పాపం ఎవరికీ అంటదు.

"ఉండవే, నేను పైకొచ్చి లాగుతా!"

"వద్దక్కా. నువ్వు బయటికెళ్ళు. కింద ఇంకెవరన్నా ఉన్నారా?"

"ఎవరూ లేరు. ఎందుకే?"

"పండుగాణ్ణి పైన చిన్న బండిలో కట్టేసి, బ్రేకు వేసొచ్చా. నువ్వు గుమ్మం దాటి పక్కకి నిలబడు."

నిలబడ్డాను. పైన గోడ బరబరా గీసుకున్న చప్పుడు వచ్చింది. ఇంకోసారి వచ్చింది. ఆ తర్వాత ఇంటి పైకప్పు కూలిందా అన్నంత మోత. పెద్ద బండి మెట్టు మెట్టుకీ ఎగిరెగిరి పడుతూ వచ్చి గుమ్మంలో బోర్లాపడింది. కాఫీ కప్పు గుంట ఎటో పోయింది. ఒక చక్రం మాత్రం వీధిలోకి వచ్చి, నా కాళ్ళ దగ్గర గిరగిరా తిరిగి పడుకుంది.

కాసేపటికి చెల్లెలు దిగింది. ఒక చంకలో పండుగాడు, ఇంకో భుజానికి చిన్న బండి. మెట్టుకోసారి ఆగుతూ దిగింది. గుమ్మంలో పడున్నదాన్ని దాటి వీధిలోకొచ్చి, చిన్న బండి విదిలించి విప్పి, వాణ్ణి కూర్చోబెట్టి బెల్టు పెట్టింది. ఆ మోతకి ఏడవబోయిన వాడు, చక్రాన్ని చూసి ఏడుపు మానేసి చెయ్యి చాపాడు.

"నడుం ఎలా ఉందే? ఎలా దింపావే అంతదాన్ని?"

"నేనెక్కడ దింపానక్కా? కాలితో రెండు తన్నులు తన్నా. అదే దిగింది."

"సాయంత్రం వాడొచ్చి చూస్తే ఏమంటాడే?"

చెల్లెలు బ్రేకు తీసి బండి తోయడం మొదలుపెట్టింది. నాకు అందడానికి పరుగులాంటి నడక నడవాల్సి వచ్చింది.

"ఏమంటారు?" అంది, వెనక్కి తిరక్కుండా. "ఆయన నన్ను దేనికీ వద్దనరు కదక్కా."