పద్నాలుగో వరస

విమానం తోక మీద ఉన్న బొమ్మను బట్టి మేము కంపెనీలకు పేర్లు పెట్టుకున్నాం. పాతది చేప కంపెనీ. ఎగిరేదానికి చేప బొమ్మ ఎందుకు వేశారో మాలో ఎవరికీ తెలియదు. కొత్తగా వచ్చింది గాలిపటం కంపెనీ. మేము ఆరుగురం ఆడవాళ్లం చేప కంపెనీ విమానాలు శుభ్రం చేసేవాళ్లం. ఒక ఊరి జనం దిగిపోయి ఇంకో ఊరి జనం ఎక్కేలోపు లోపల జరిగేదంతా మా పనే.

ఆ రెండు కంపెనీల మధ్య పోటీ ముదిరిందని పేపర్లకంటే ముందు మా చెత్త సంచులకు తెలిసింది. గాలిపటం వచ్చిన మూడు నెలలకు చేప కంపెనీ టికెట్ల ధర తగ్గించింది. ఆ వారం నుంచి చాక్లెట్ కాగితాలు కనిపించడం మానేశాయి. తర్వాత న్యూస్‌పేపర్లు పోయాయి. ఆ తర్వాత నీళ్ల సీసాలు పోయి చిన్న కప్పులు వచ్చాయి. చివరికి జనం ఇంటి నుంచి కట్టి తెచ్చుకున్న పొట్లాల కాగితాలే మిగిలాయి.

"టికెట్టు చవకైతే చెత్త కూడా చవకైపోతుందే. రాసిపెట్టుకో" అనేది పెద్దక్క. ఆవిడ మా జట్టుకు పెద్ద. పదహారేళ్ల సర్వీసు. ఆవిడ మాటకు మా కాంట్రాక్టరు కూడా ఎదురు చెప్పేవాడు కాదు.

చెత్తలో ఒక్కటి మాత్రం కొత్తగా పెరిగింది. సీట్ల వెనక జేబుల్లో పసుపు రంగు కాగితాలు. "చెప్పిన టైముకే ఎగురుతాం. ఆలస్యమైతే ఇంకో టికెట్టు ఉచితం" అని గాలిపటం కంపెనీ వేయించినవి. వాళ్ల మనుషులు మామూలు ప్రయాణికుల్లా మా విమానం ఎక్కి, బాత్రూముకని లేచి, దారి పొడుగునా జేబుల్లో పెట్టుకుంటూ పోయేవాళ్లు. మనవాళ్లేమీ తక్కువ తినలేదు. కాలేజీ పిల్లలకు టికెట్లు కొనిచ్చి గాలిపటం విమానాల్లో చేప కాగితాలు పెట్టించారట. అవి ఏరిన ఆడవాళ్లు బస్టాపులో కనిపించినప్పుడు "మీ చేపలు మా సంచిలో పడ్డాయమ్మా" అని వెక్కిరించేవాళ్లు. "మీ పటాలు తెగి మా సంచిలో పడ్డాయిగా" అని పెద్దక్క తిప్పికొట్టేది.

అసలు దెబ్బ టైము దగ్గర తగిలింది. గాలిపటం విమానం దిగిన ఇరవై అయిదు నిమిషాల్లో మళ్లీ లేస్తోంది. మాది నలభై అయిదు. నేల మీద నిలబడ్డ విమానం దండగ అన్నాడు చేప కంపెనీ మేనేజరు. ఎప్పుడూ చేతిలో స్టాప్‌వాచీ పట్టుకుని తిరుగుతాడని ఆయన్ని గడియారం సారు అనేవాళ్లం. ఆయన లెక్క సులువుగానే ఉంది. మేము లోపలికి రావాలంటే ఆఖరి ప్రయాణికుడు దిగాలి, వెనక మెట్ల బండి రావాలి, మేము ఎక్కాలి. ఎయిర్ హోస్టెస్‌లు ఎలాగూ లోపలే ఉంటారు. వాళ్లే శుభ్రం చేసేస్తే?

మూడు రోజులు మేము, మూడు రోజులు వాళ్లు. అదీ పరీక్ష. మేము ఎంత పరుగెత్తినా పదకొండు నిమిషాల కంటే తగ్గలేదు. వాళ్లు ఎనిమిదిలో ముగించి, ఎక్కిన జనం నుంచి ఒక్క ఫిర్యాదు కూడా రాకపోతే, పగటి విమానాల పని వాళ్లకే వెళ్లిపోతుంది.

వాళ్లలో మా అమ్మాయి ఒకతి.

వాళ్ల నాన్న పోయాక నేను ఈ పనిలో చేరాను. అది నా వెనకే ఆ విమానాలు చూస్తూ పెరిగి, చదువుకుని, యూనిఫాం వేసుకుని ముందు తలుపు నుంచి ఎక్కింది. ఏడు నెలలయింది. ఇంకా ప్రొబేషనే.

వాళ్ల వంతు రేపనగా ఆదివారం మధ్యాహ్నం అది నా చుట్టూ తిరగడం మొదలుపెట్టింది.

"అమ్మా, కోపం రాదంటే ఒకటి చెప్తా."

"వచ్చేదయితే అన్నం తిన్నాక చెప్పు."

అన్నం తిన్నాకే చెప్పింది. "మీ అమ్మ అదే పని చేస్తుంది కదా, మిగతా ముగ్గురికీ నువ్వే నేర్పు అన్నారు గడియారం సారు. ఇది కుదిరితే వచ్చే నెల నుంచి నన్ను పర్మనెంట్ చేస్తారంట."

"కుదరకపోతే?"

"ప్రొబేషన్ పొడిగిస్తారు. లేదంటే ఇంటికి పొమ్మంటారు."

"కుదిరితే ఇంటికి పోయేది నేను. అంతేగా?"

అది తల వంచుకుని కంచం మీద మెతుకులు ఏరుతూ కూర్చుంది.

"ఎవరో ఒకరం ఇంట్లో ఉంటే వంటన్నా టైముకి అవుతుందిలే. లే, కుర్చీలు తీసుకురా" అన్నాను.

మా ఇంట్లో ఉన్నవి నాలుగు కుర్చీలు. పక్కింటి నుంచి రెండు అడిగి తెచ్చింది. ముందు మూడు, వెనక మూడు వేసి, ఒక్కో కుర్చీకి రెండేసి తువ్వాళ్లు బెల్టుల్లా కట్టాం. తువ్వాళ్లు చాలక నా పాత చీర చింపాల్సి వచ్చింది.

"నడుం వంచకు, మోకాళ్లు వంచు. మోకాళ్లు రెండున్నాయి, నడుం ఒక్కటే" అన్నాను. "కిటికీ సీటు నుంచి ఇవతలికి రా. ముందు జేబు, తర్వాత సీటు, తర్వాత కింద. జేబులో చెయ్యి పెట్టేటప్పుడు కళ్లతో చూసి పెట్టు. ఏముంటుందో దేవుడికే తెలుసు."

"ఏముంటాయి?"

"ఒకసారి పళ్ల సెట్టు దొరికింది."

"ఛీ!"

"ఛీ అనడానికి నీకు టైము లేదు. ఎనిమిది నిమిషాలే."

ఆఖరున బెల్టుల సంగతి చెప్పాలి. మేము ఒక వరస పూర్తి చేయగానే సీట్ల మీద బెల్టులు ఇంటూ గుర్తులా వేస్తాం. చూసేవాళ్లకు అది అందం కోసం అనిపిస్తుంది. మాకు అది సంతకం. ఇంటూ వేసి ఉందంటే ఆ వరసలో జేబులు, సీట్లు, కింద నేల అన్నీ అయిపోయాయని. ఒకరు ముందు నుంచి, ఒకరు వెనక నుంచి వస్తూ, ఇంటూ కనిపించిన చోట ఆగిపోతాం. అడిగి చెప్పుకునే పని ఉండదు. మా వేగమంతా అక్కడే ఉంది.

ఆ ఒక్క మాట చెప్పకుండా వదిలేద్దామా అనుకున్నాను. అబద్ధమెందుకు, అనుకున్నాను. చెప్పకపోతే వాళ్లు ఎనిమిదిలో ముగించలేరు. కానీ అది కుర్చీల ముందు మోకాళ్ల మీద కూర్చుని "ఇంకేమన్నా ఉందా అమ్మా?" అని మొహంలోకి చూస్తోంది.

"ఉంది. జేబులు చూశాకే ఇంటూ. ఇంటూ వేశాక ఆ వరస వైపు మళ్లీ చూడకు. ఇది తప్పితే అన్నీ తప్పుతాయి" అన్నాను.

మొదటి రోజు వాళ్లకు పది నిమిషాలు పట్టింది. రెండో రోజు తొమ్మిది దాటింది. మూడో రోజే తేల్చే రోజు. ఆ రోజు ఎక్కబోయే జనంలో పేపర్ల వాళ్లు పదిహేను మంది ఉన్నారు. గాలిపటానికి మేమేం తీసిపోలేదని చూపించడానికి కంపెనీయే పిలిచింది.

మమ్మల్ని వెనక మెట్ల మీద నిలబెట్టారు. వాళ్ల వల్ల కాకపోతే వెళ్లడానికి మనుషులుండాలిగా. నేను, పెద్దక్క పై మెట్టు మీద ఉన్నాం. తలుపులోంచి లోపలంతా కనిపిస్తోంది.

ఆఖరి ప్రయాణికుడు దిగాడు. గడియారం సారు వాచీ నొక్కాడు. నలుగురు పిల్లలూ, ఇద్దరు ముందు నుంచి, ఇద్దరు వెనక నుంచి మొదలుపెట్టారు. బాగా చేస్తున్నారు. మోకాళ్లే వంచుతున్నారు. పెద్దక్క నా వైపు ఓరగా చూసి, "ఎవరో బాగానే నేర్పినట్టున్నారు" అంది. నేను విననట్టు లోపలికే చూస్తూ నిలబడ్డాను.

మూడో నిమిషంలో ముందు తలుపు నుంచి మార్కెటింగ్ ఆయన కెమెరామనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. మెడలో టై, నోట్లో తొందర.

"అమ్మాయిలూ, ఒక్క నిమిషం! బెల్టులన్నీ అలా ఇంటూ వేసేయండి, బ్రహ్మాండంగా ఉంది. ఫోటో తీసేసుకుని వెళ్లిపోతాం. జనం ఎక్కాక ఈ అందం ఉండదు."

"సార్, ఇంకా..." అంది మా అమ్మాయి.

"అంతా కాకపోయినా పర్లేదమ్మా. ఫోటోలో దుమ్ము కనపడదు."

నలుగురూ గబగబా మిగిలిన వరసలన్నిటికీ బెల్టులు ఇంటూ వేసేశారు. కెమెరా రెండుసార్లు మెరిసింది. వాళ్లు దిగిపోయారు. పిల్లలు మళ్లీ పనిలో పడ్డారు. ముందు నుంచి వస్తున్న పిల్ల చీపురు పట్టుకుని రెండు వరసలు చేసి తలెత్తింది. ఎదురుగా అన్నీ ఇంటూలే, ఏవి ఫోటో కోసం వేసినవో ఆ తొందరలో గుర్తు లేదు. వెనక నుంచి వెళ్తున్న పిల్లకూ అలాగే కనిపించింది. అవతలివాళ్లు ఇక్కడిదాకా వచ్చేశారనుకుని ఇద్దరూ ఆగిపోయారు. చెత్త సంచులు మూతి కట్టడం మొదలుపెట్టారు.

నా కళ్లు ఊరికే లెక్కపెట్టేస్తాయి, అలవాటు. పద్నాలుగు నుంచి పంతొమ్మిది దాకా ఆరు వరసలు. ఆ జేబుల్లో ఎవరి చెయ్యీ పడలేదు.

పెద్దక్కకూ తెలిసింది. ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. గట్టిగా కాదు, ఊరికే.

"మన ఆరుగురి కూడు" అంది, పెదవులు కదలకుండా.

నిజమే. నేను నోరు మూసుకుంటే చాలు. కాసేపట్లో పేపర్ల వాళ్లు వచ్చి ఆ సీట్లలో కూర్చుని, చేప కంపెనీ విమానంలో గాలిపటం కాగితాలు చేతిలోకి తీసుకుంటారు. వాళ్లు నవ్వుకుంటారు, రాస్తారు. ఎయిర్ హోస్టెస్‌లతో ఈ పని కాదని తేలిపోతుంది. మా పని మాకు ఉంటుంది. నేర్పింది నువ్వే కదా అని అందరూ మా అమ్మాయి వైపు తిరుగుతారు.

అది సంచి ఈడ్చుకుంటూ వెనక తలుపు దగ్గరకు వచ్చింది. చెమటకు బొట్టు చెదిరింది. నన్ను చూసి, అయిపోయిందన్నట్టు చిన్నగా నవ్వింది.

కూతురని అన్నానో, ఆరు వరసలు అలా వదిలేసి ఉండటం చూడలేక అన్నానో ఇప్పటికీ నాకు తెలియదు.

"పద్నాలుగో వరసకి ఇంటూ ఎవరు వేశారే?" అన్నాను.

దాని నవ్వు ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూసింది. సంచి అక్కడే పడేసి పరుగెత్తింది. "పద్నాలుగు నుంచి! జేబులు! మళ్లీ!" అని అరిచింది. నలుగురూ ఆ ఆరు వరసల మీద పడ్డారు. ముప్పయికి పైగా పసుపు కాగితాలు, సగం కొరికిన బిస్కెట్లు, పదిహేడో వరసలో చుట్టి కుక్కిన ఒక పసిపిల్ల డైపరు. దాన్ని మా అమ్మాయే తీసింది. ఛీ అనలేదు.

గడియారం సారు వాచీ నొక్కాడు. ఏడు నిమిషాల యాభై సెకన్లు.

పెద్దక్క నా మోచెయ్యి వదిలింది. మెట్లన్నీ దిగింది. కింద కాళ్లు నేల మీద ఆనాక అంది: "కన్నపేగు కదా. నా కూతురైతే నేనూ అంతే చేసేదాన్ని. అయినా సరే, నీతో పది రోజులు మాట్లాడను."

"పదే రోజులా?"

"నోరు మూసుకో. మొదలైంది."

ఆ వారాంతానికే కాంట్రాక్టరు కాగితం అంటించాడు. పొద్దున మొదటి విమానానికి ముందు చేసే పెద్ద శుభ్రతకు ఇద్దరు చాలు. పెద్దక్క, ఇంకొకామె. నాతో కలిపి ముగ్గురిని టెర్మినల్ లోపలికి మార్చారు. ఒకామె మానేసింది. ఆమె పోతూ నాతో మాట్లాడలేదు. ఆమెది పది రోజుల కోపం కాదు. బస్టాపులో ఇప్పటికీ మొహం తిప్పుకుంటుంది. నేనూ ఆమెను తప్పుపట్టను.

మా అమ్మాయి పర్మనెంట్ అయింది. రోజుకు నాలుగు విమానాలు తుడిచి ఇంటికొచ్చి మంచం మీద బోర్లా పడుకుని, "అమ్మా, నడుం" అంటుంది. "మోకాళ్లు వంచమన్నానా లేదా" అంటూ తైలం రాస్తాను. ఈలోపు గాలిపటం కంపెనీ ఇరవై నిమిషాలకే లేస్తామని ప్రకటన ఇచ్చింది. ఇక వీళ్లకు ఆరు నిమిషాలే ఇస్తారట. ఏం తీసేస్తారో తెలియదు. చాక్లెట్ తీశారు, పేపరు తీశారు, మమ్మల్ని తీశారు.

టెర్మినల్‌లో నా పని బల్లలు, గాజు తలుపులు, గోడల మీది పెద్ద ప్రకటనలు తుడవడం. పెద్దక్క మాటలు మానేసిన తొమ్మిదో రోజున మూడో గేటు పక్కన చేప కంపెనీ కొత్త ప్రకటన పెట్టారు. నిలువెత్తు బొమ్మ. ఖాళీ విమానం, రెండు వైపులా సీట్లు, ప్రతి సీటు మీదా ఇంటూ వేసిన బెల్టులు. కింద పెద్ద అక్షరాల్లో "ఎనిమిది నిమిషాల్లో తళతళ. మీకోసం సిద్ధం" అని ఉంది. అక్షరం అక్షరం చదివాను. తర్వాత అలవాటు కొద్దీ వరసలు లెక్కపెట్టుకుంటూ వెళ్లాను.

పద్నాలుగో వరసలో, నడవ పక్క సీటు జేబులోంచి పసుపు రంగు మూల ఒకటి నడవలోకి పొడుచుకు వచ్చి ఉంది. వేలెడంత. గాలిపటం తోక కూడా కనిపిస్తోంది.

పొద్దుటి పని ముగించుకుని పెద్దక్క అటుగా వెళ్తోంది. పిలవకూడదు కాబట్టి పిలవలేదు. గుడ్డతో ఆ మూల చూపించాను. ఆవిడ కళ్లద్దాలు పైకి తోసి, ముక్కు గాజుకు ఆనేదాకా వంగి చూసింది. వంగినావిడ అలాగే కూర్చుండిపోయి నవ్వింది. లైనులో ఉన్న జనం మా వైపు తిరిగి చూశారు.

"డబ్బులు పోసి వాళ్ల కాగితం మన గోడ మీద అంటించుకున్నారే!" అంది కళ్లు తుడుచుకుంటూ.

"అక్కా, ఇంకో రోజు మిగిలింది" అన్నాను.

"రేపు మాట్లాడనులే. దీని సంగతి ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"మీ అమ్మాయికి?"

"దానికీ చెప్పలేదు. జేబులు చూడటం ఇప్పుడు నా పని కాదుగా."

పెద్దక్క లేచి, బట్టలు దులుపుకుని వెళ్లిపోయింది. నేను గాజు పైనుంచి కిందకు తుడిచాను. పద్నాలుగో వరస దగ్గర ఇంకోసారి తుడిచాను. మరక లేకుండా, బాగా కనిపించేలా.