నోట్లో మోసిన నిప్పు

కదులుతున్న దంతం తీయించుకోవడానికి సత్తెమ్మ ఓడలరేవు నుంచి అమలాపురం వచ్చింది. దంతవైద్యురాలు రేచల్ ఆమె నోట్లోకి లైటు వేసింది. ఆ వెలుగు దంతం దగ్గర ఆగకుండా పైకి వెళ్లి, అంగిలి మీద నిలిచిపోయింది. అంగిలి మీద తెల్లటి మందపాటి పొర, నీళ్లు ఇంకిన వరిమడిలా దానిలో సన్నని చీలికలు, మధ్యమధ్య ఎర్రని చుక్కలు.

"ఇది ఎప్పట్నుంచి ఉందండీ మామ్మగారూ?"

"అది లోపలి అక్కి అండి. బయటది తగ్గింది, లోపలిదీ తగ్గుద్ది. రాయించేను."

సత్తెమ్మ ఎడమ చెంప మీద ఎర్రమన్నుతో గీసిన సింహం ఇంకా పూర్తిగా చెరగలేదు. పక్కనే కూర్చున్న కోడలు సత్యవేణి అటు చూడకుండా చేతిసంచి జిప్పు సర్దుకుంది.

పెదవి చివర నీటిపొక్కులు గుత్తిగా లేస్తే ఓడలరేవులో దాన్ని అక్కి అంటారు. కుమ్మరి అయ్యప్ప దగ్గరికి వెళ్లి, దాని పక్కనే ఎర్రమన్నుతో సింహాన్ని రాయించుకుంటారు. సింహాన్ని చూసి అక్కి పారిపోతుందని నమ్మకం. పొక్కులు వారం పదిరోజుల్లో ఎండిపోతాయి. రాయించకపోయినా అంతే వ్యవధిలో ఎండిపోతాయి. కాని రాయించకుండా ఊరుకుని చూసినవారు ఆ ఊళ్లో లేరు గనుక ఘనత సింహానికే దక్కుతూ వచ్చింది. సత్తెమ్మకు ఒళ్లు వెచ్చబడినప్పుడల్లా పెదవి మీద అక్కి లేచేది, రాయించుకుంటే పోయేది. ఈసారి పెదవి పొక్కులతోపాటు అంగిలి కూడా గరుకుగా నాలుకకు తగిలింది. రెండూ ఒకటే జబ్బనుకుంది. నోటి లోపల రాయడం ఎలాగా అని అయ్యప్ప కాసేపు ఆలోచించి, సింహం ముఖాన్ని నోటివైపు తిప్పి గీశాడు.

రేచల్ నవ్వలేదు. పెదవి మీద లేచేది వైరస్ వల్ల వచ్చే పుండని, అది ఒకసారి ఒంట్లో చేరితే పూర్తిగా పోదని, నరం మూలంలో నిద్రపోతూ మనిషి నీరసపడ్డప్పుడు మళ్లీ లేస్తుందని చెప్పింది.

"పోయిందనుకుంటాం గానీ, లోపలే ఉంటదన్నమాట," అంది సత్తెమ్మ. ఆ సంగతి ఆమెకు వింతగా తోచినట్టు లేదు.

అంగిలి మీది పొర మాత్రం అలా వచ్చి పోయేది కాదని రేచల్ అంది. నొప్పి లేదుగా అని సత్తెమ్మ వాదించింది. నొప్పి లేకపోవడం వల్లే చాలామంది ఆలస్యంగా వస్తారని డాక్టరు జవాబిచ్చి, ఒక్క ప్రశ్న వేసింది.

"చుట్ట కాలుస్తారా? నిప్పు లోపలికి పెట్టుకుని?"

"ఆయ్, సాయంకాలం ఒకటండి," అంది సత్యవేణి.

రేచల్ కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఇది క్యాన్సరని తాను అనడం లేదని, అయితే దానికి ముందు దశ కావచ్చని, రోజూ ఒకేచోట తగిలే వేడికీ పొగకూ అంగిలి పొర అలా మారుతుందని వివరించింది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. చుట్ట ఈ రోజుతో ఆపాలి.

"ముక్క తీసుకోండమ్మా. రెండోది మాత్రం నా వల్ల కాదు."

అలవాటు మానలేనన్నవాళ్లను రేచల్ చాలామందిని చూసింది. వాళ్లు తల దించుకుని చెబుతారు. ఈమె తలెత్తి చెప్పింది. అందుకే కారణం అడిగింది.

సత్తెమ్మ భర్త అబ్బులు పడవ మీద వేటకు వెళ్లేవాడు. తెల్లవారుతూ ఉండగా రేవులో వీచే గాలికి అగ్గిపుల్ల నిలిచేది కాదు; నిలిచినా, వలలు సర్దిన తడిచేతుల్లో అగ్గిపెట్టె నానిపోయేది. పెళ్లయిన కొత్తలో అతను చుట్ట లేకుండానే సముద్రం మీదికి వెళ్లడం చూసి, సత్తెమ్మ ఒక ఉపాయం చేసింది. ఇంట్లో పొయ్యి దగ్గరే చుట్ట ముట్టించి, నిప్పున్న కొసను నోట్లోకి తిప్పుకుని, పెదవులు బిగించి, ఒక చేత్తో అన్నం క్యారేజీ, ఒక చేత్తో నీళ్ల డబ్బా పట్టుకుని ఇసకలో నడిచి వచ్చేది. గాలి ఆ నిప్పును అందుకోలేకపోయేది. పడవ దగ్గరికి రాగానే అబ్బులు రెండు వేళ్లతో ఆమె నోట్లోంచి చుట్ట తీసుకునేవాడు. "ఇటియ్యి, నోరు కాలుద్ది," అనేవాడు. ఇంజను చప్పుడులో మరో మాట వినబడేది కాదు. ఆమెకు మరో మాట అవసరమూ ఉండేది కాదు.

అతన్ని సముద్రం ఏమీ చేయలేదు. గుండెపోటుతో ఇంట్లోనే పోయాడు. కర్మకాండ అయిన తరవాత ఒక సాయంకాలం సత్తెమ్మ చుట్ట ముట్టించుకుని రేవుకు నడిచింది. తెల్లవారి వెళ్తే అక్కడ వేరేవాళ్ల భర్తలు ఉంటారు గనుక సాయంకాలాన్ని ఎంచుకుంది. రేవుకైతే చేరింది గాని, ఆ చుట్టను తీసుకోవడానికి ఎవరూ లేరు. పారేయడానికి చేయి రాలేదు. చివరిదాకా తానే కాల్చింది. మర్నాడూ అంతే.

"అయితే మీరు మొత్తం కాల్చడం ఆయన పోయాకేనా?" అని రేచల్ అడిగింది.

"ఆయ్. అంతకుముందు మోయడమే నా పనండి."

రేచల్ మత్తు సూది వేసి, కదిలే దంతంతోపాటు అంగిలి మీంచి చిన్న ముక్క తీసి, కుట్టు వేసింది.

ఆ సాయంకాలం, అంగిలి ఇంకా మొద్దుబారి ఉండగానే, సత్తెమ్మ పొయ్యి దగ్గర కూర్చుని చుట్ట ముట్టించింది. సత్యవేణి వారించలేదు. అత్తగారి వెనకాలే రేవుదాకా నడిచింది. ఒడ్డున పడవలు బోర్లించి ఉన్నాయి. వాటి మధ్య సత్తెమ్మ ఎప్పుడూ నిలబడే చోట నిలబడింది. సత్యవేణి ఎదురుగా వచ్చి చేయి చాచింది.

"ఇటివ్వండి అత్తయ్యగారూ. నోరు కాలుద్ది."

సత్తెమ్మ కళ్లు ఎర్రబడ్డాయి. చుట్టను పెదవుల మధ్య నుంచి తీసింది గాని ఇవ్వలేదు.

"ఆ మాట నువ్వనకు."

"అనను. కానీ మావయ్యగారు తీసేసుకునేవారు కదండీ. మిమ్మల్ని కాల్చమన్నారా ఎప్పుడైనా? ఒక్క పీల్పయినా?"

గాలికి చుట్ట కొస ఎర్రగా రాజుకుంది. అబ్బులు పోయాక ఇన్నేళ్లలో ఆ నిప్పు ఆ రేవుగాలిలో బయటపడి వెలగడం ఆమె చూడలేదు. అది ఆరిపోవడానికి ముందే దాన్ని కోడలి చేతికి అందించింది. సత్యవేణికి పట్టుకోవడం తెలియక వేలు చురుక్కుమంది. చుట్ట తడి ఇసకలో పడింది.

"చుట్ట పట్టుకోవడం కూడా రాదు, మొగుడికి ఏం అందిస్తావే," అంది సత్తెమ్మ.

"మీ అబ్బాయి కాల్చరుగా అండి," అంది సత్యవేణి వేలు నోట్లో పెట్టుకుని.

పరీక్ష ఫలితం వచ్చింది. క్యాన్సరు కాదు; కణాల్లో మార్పు మొదలైంది. చుట్ట ముట్టకుండా ఉంటే పొర వెనక్కి తగ్గే అవకాశం ఉందని, తగ్గినా తగ్గకపోయినా మూడేసి నెలలకు ఒకసారి వచ్చి చూపించుకోవాలని రేచల్ చెప్పింది. సత్తెమ్మ సాయంకాలాలు రేవుకు వెళ్లడం మానలేదు. ఖాళీ నోటితో వెళ్లి, ఖాళీ నోటితో వచ్చేది. మొదట్లో ఆ దారి చాలా పొడుగ్గా ఉండేది. నడుస్తూ నడుస్తూ పెదవులు వాటంతటవే బిగుసుకునేవి.

వానాకాలం మొదట్లో ఒకనాడు మధ్యాహ్నం ఆమె కానాగంత చేపల పులుసు పెట్టింది. ఎప్పటి చేతికొలతే, ఎప్పటి చింతపండే. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

"ఉప్పు ఇంతేసి ఉందేమే?"

సత్యవేణి తల ఎత్తలేదు. "ఎప్పుడూ ఇంతేనండి."

"ఎప్పట్నుంచి?"

"చాన్నాళ్లనుంచండి. మీరు మాత్రం చప్పగా ఉందనేవోరు. మేం అలవాటు పడిపోయేం."

సత్తెమ్మ మరో చిన్న ముద్ద తిని చూసింది. ఉప్పు, దాని వెనక పులుపు, అన్నిటికీ అడుగున చేపదైన తియ్యదనం విడివిడిగా వచ్చి నాలుకను తాకాయి. చుట్ట పొగకు ఇన్నేళ్లూ ఆ రుచి ఎటు పోయిందో, తాను పోగొట్టుకున్నట్టు కూడా తెలియకుండానే తిరిగి వచ్చింది.

"ఆయనుంటే ఉప్పెక్కువైందని మొదటి ముద్దకే అనేసేవోరు," అంది.

ఆ తరవాత చేయి కంచంలోనే ఉంచి, ఎవరైనా ఆ మాట అంటారేమో అన్నట్టు కాసేపు కూర్చుంది.