హౌజు మీద తేలిన ఊక

చిట్కుల్‌లో కౌసల్యమ్మ ఇంటి పెరట్లో బావి పక్కన నీళ్ళు నిలవచేసుకునే గచ్చు హౌజు ఒకటుంది. పొద్దున్నే మోటారు వేసి నిండా నింపితే నిరుడు రెండు రోజులకు వచ్చేది. ఈ డెబ్బై ఏడు ఎండాకాలంలో మధ్యాహ్నానికే అడుగంటుతోంది. బావి చూస్తే రాళ్ళు తేలింది. ఆ సంగతి మొదట కనిపెట్టింది కౌసల్యమ్మే. కనిపెట్టి ఊరుకునే మనిషా ఆవిడ?

ఆ పెరట్లో కిరాయి గదులు నాలుగు. మూడింట్లో పక్క ఫ్యాక్టరీలో పనిచేసే ఒంటరి మగవాళ్ళు. స్నానం, బట్టలుతుకు అన్నీ ఫ్యాక్టరీ కుళాయి దగ్గరే కానిచ్చుకొస్తారు. నాలుగో గది హైమావతిది. ఇక వేలు ఎటు తిరుగుతుందో వేరే చెప్పాలా.

"మీరు కాల్వ నీళ్ళ దేశంకెళ్ళి వచ్చిన్రు, హైమమ్మా. చెంబు సరిపోయే కాడ బిందె గుమ్మరిస్తరు. మాది రాళ్ళ బాయి," అంది కౌసల్యమ్మ. "నెల ఎల్లేదాంక ఉండుండ్రి. ఇగ వేరే జాగ సూసుకోండ్రి."

మాట మెత్తగానే అంది. మెత్తటి మాటే లోతుకు దిగుతుంది.

హైమావతికి ఆ గది ఉత్త గది కాదు. పెళ్ళయిన మొదటి మూడేళ్ళూ ఆమె అమలాపురం దగ్గర అత్తవారింట్లో, మొగుడు రామలింగేశ్వరరావు ఇక్కడ ఫ్యాక్టరీ ఉద్యోగం చేస్తూ మెస్సు కూడు తింటూ. ఉత్తరాల కాపురం. సెలవుకు వెళ్ళిన తండ్రిని చూసి, ఎవరో అనుకుని పిల్ల ఏడ్చిన రోజులు కూడా ఉన్నాయి. సంసారం పెట్టుకునే వాళ్ళకు గది ఇచ్చేవాళ్ళు దొరక్క దొరక్క ఇది దొరికింది. ఇదీ పోతే మళ్ళీ ఉత్తరాలే.

నీళ్ళ దగ్గర ఆమె చేయి పెద్దదే, అబద్ధమెందుకు. బియ్యం మూడుసార్లు కడుగుతుంది. తోమిన గిన్నె మళ్ళీ తొలుస్తుంది. గడప కడగందే పొయ్యి వెలిగించదు. ఆ మాట పడ్డాక తన మీద తనకే అనుమానం వచ్చింది. గడపను తడిగుడ్డతో తుడిచింది. బియ్యం కడిగిన నీళ్ళతోనే గిన్నెలు తోమింది. ఎర్రమట్టి అంటిన పిల్ల కాళ్ళు కడగకుండా చెంగుతో దులిపింది. అలా వారం పాటు రోజుకు రెండు బిందెలతో నెట్టుకొచ్చింది. హౌజు మాత్రం ఎప్పటిలాగే మధ్యాహ్నానికి నోరు తెరిచింది.

"నేనింత తగ్గించినా ఆ హౌజుకు తెలియలేదంటే, నీళ్ళు తాగేది నేను కాదండీ," అంది మొగుడు డ్యూటీకి బయలుదేరుతుంటే.

"ఆవిడతో వాదన పెట్టుకోకు. ఇంకో గది చూస్తాను."

"మూడేళ్ళు చూశారుగా."

ఆయన సైకిలెక్కాడు.

హైమావతి నేరుగా కౌసల్యమ్మ దగ్గరికి వెళ్ళింది. "పిన్నిగారూ, రేపు ఒక్క పూట మనం హౌజు ముట్టుకోవద్దు. ముందే బిందెలు నింపుకుని దాని పక్కనే మంచం వేసుకుని కూర్చుందాం. నీళ్ళు తగ్గకపోతే తప్పు నాదే. సాయంత్రానికి సామాను కట్టేస్తాను."

"కూసుంటే ఇంట్ల పని ఎవలు చేస్తరు?"

"చింతపండు గింజలు తీద్దాం."

మర్నాడు పొద్దున, వక్కాకు సంచిలోని సున్నంతో నీటి అంచు వెంబడి హౌజు గోడకు గీత గీశారు. వేపచెట్టు నీడలో ఇద్దరూ కూర్చున్నారు. కౌసల్యమ్మ భర్త కొమురయ్య కూడా వచ్చి, దూరంగా మోటారు గది మెట్టు మీద చుట్ట ముట్టించాడు. నిమిషానికి పది మాటలు మాట్లాడే మనిషి, ఆ పూట ఒక్కటీ మాట్లాడలేదు.

"అగో, ముత్యమ్మ బర్రె," అంది కౌసల్యమ్మ గోడవతలికి చూపిస్తూ. "గింత ఎండల ఊళ్ళె బర్రెలన్నీ ఎముకలు తేలినయ్. గా బర్రె మాత్రం మా గోడెనుక మేసి కడుపు గుండ్రంగ చేసుకొని పోతది. మొక్కు మొక్కితే దేవుడు ఇచ్చిండని ముత్యమ్మ చెప్పుకుంటది."

"ఏ దేవుడో చెబితే నేనూ మొక్కుకుంటాను, పిన్నిగారూ."

"నువ్వు మొక్కేది తర్వాత. ముందు గింజలు తియ్యి."

గంట తిరిగేసరికి కౌసల్యమ్మ తనే వంగి వేళ్ళు పెట్టి కొలిచింది. గీతకు జానెడు కిందికి దిగింది నీరు.

"కండ్ల ముంగటనే ఉన్న గద," అంది నెమ్మదిగా. "కాకి సుత ముట్టలె."

హైమావతి బియ్యం చెరిగిన చేటలో మిగిలిన ఊక గుప్పెడు తెచ్చి నీళ్ళ మీద చల్లింది. గాలి పడమటి నుంచి వీస్తోంది. ఊక తూర్పుకు కొట్టుకుపోవాలి. అలా పోలేదు. గాలికి ఎదురు నడిచి పడమటి మూలకు చేరి, తిరగలిలా గుండ్రంగా తిరిగి, ఒక్కొక్కటే లోపలికి జారిపోయింది.

కౌసల్యమ్మ మొగుడి వైపు తిరిగింది. "గా మూలకు ఏమున్నది?"

చుట్ట ఆరిపోయి చాలాసేపయింది. "తూము," అన్నాడు కొమురయ్య. "మోట కొట్టిన కాలంల మన మడికి నీళ్ళు పారింది గందులకెళ్ళే."

"భూమి ఫ్యాక్టరీకి పోయిననాడు సిమెంటుతోని మూసినన్నవ్ గద."

"మేస్త్రి సిమెంటు కలిపే తెచ్చిండు. నేనే వద్దన్న. గడ్డిచుట్ట కుక్కి బంకమట్టి మెత్తిన." తల వంచుకున్నాడు. "సిమెంటు పెడితే ఇగ తెరిసేది ఉండదు గద అనిపిచ్చింది."

గడ్డి ఎన్నాళ్ళుంటుంది, మట్టి ఎన్నాళ్ళు ఆపుతుంది. ముగ్గురూ గోడ వెనక్కి నడిచారు. ఫ్యాక్టరీ కంచెకూ గోడకూ నడుమ, సగం పూడిన పాత కాలువ చివర, దుప్పటంత మేర పచ్చగా తుంగ. ముత్యమ్మ బర్రె తల ఎత్తకుండా మేస్తోంది. కొమురయ్య వంగి తడిమట్టి గుప్పిట్లోకి తీసుకున్నాడు. చాలాసేపు వదల్లేదు.

కౌసల్యమ్మ వెనక్కి తిరిగింది. తిన్నగా హైమావతి గదికి వెళ్ళింది. అన్న మాటకు కట్టుబడి హైమావతి పొద్దున్నే సర్దిన పెద్ద గిన్నెలు గోనెసంచిలో ఉన్నాయి. ఒక్కొక్కటే తీసి గూట్లో పెట్టడం మొదలెట్టింది.

"నెల ఎల్లేదాంక అన్నారుగా, పిన్నిగారూ?"

"అన్న. ఏ నెలనో చెప్పిన్నా?"

మర్నాడు మేస్త్రి వచ్చాడు. తూముకు సిమెంటు కొమురయ్యే అందించాడు. ఆపైన పార తీసుకుని కాలువ పూడ్చబోతుంటే హైమావతి అడ్డం వెళ్ళింది.

"అది ఉంచండి, బాబాయిగారూ. ఉతుకుబండ దగ్గరి నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు అటు వదులుదాం. ఎలాగూ నా చేయి పెద్దది."

హౌజు మళ్ళీ రెండు రోజులకు రావడం మొదలైంది. వానాకాలం నాటికి గోడ వెనక కంప నాటి, బర్రెను తోలేసి, కొమురయ్య ఆ దుప్పటంత నేలలో బెండ, గోంగూర పెట్టాడు. హైమావతి ఊరి నుంచి తెప్పించిన ఆనపగింజలు కూడా. గడప మళ్ళీ రోజూ కడుగుతోంది ఆమె. పది దాటినా ఉతుకుబండ మీద చప్పుడు వినపడకపోతే, కొమురయ్య గది ముందుకొచ్చి నిలబడతాడు.

"హైమమ్మా, ఇయ్యాల మైలబట్టలు ఏం లెవ్వా?"