పది మందికి ఒక సీసా

కుట్టుమిషను మీద దారం మార్చడం నాకు మహా చిరాకు. ఎవరైనా ఒక ఎర్ర జాకెట్టు గుడ్డ తెస్తే పక్కన పడేస్తాను. ఇంకో నాలుగు ఎర్రవి పోగయ్యాక దారం ఎక్కించి అన్నీ ఒకేసారి కుడతాను. ఆలస్యమైందని ఆడవాళ్ళు తిట్టిపోస్తారు. తిట్లదేముంది, ఒంటికి అంటుకోవు కదా.

అందుకే ఆ గురువారం సిస్టరమ్మ చెప్పిన మాట నాకు ఇట్టే అర్థమైంది. అర్థమవడమే నా ఖర్మ.

మా వీధి ఆసుపత్రి అంటే రెండు గదులు, ఒక వరండా, ఒక నర్సు. ఆ నర్సునే అందరం సిస్టరమ్మ అంటాం. నా మిషను సరిగ్గా ఎదురుగా, మెట్ల కింద ఉంటుంది. టీకాలు గురువారం గురువారం వేస్తారు. నా మనవరాలికి తొమ్మిది నెలలు నిండాయి, తట్టు రాకుండా సూది వేయించాలి. పుట్టినప్పుడు అరచేతిలో ఇమిడిపోయేది, నోరు మాత్రం ఎప్పుడూ తెరిచే ఉండేది. అందుకని పిచ్చుక అన్నాను. అదే స్థిరపడిపోయింది.

మా అమ్మాయి ప్యాకింగ్ కంపెనీలో పని చేస్తుంది. అల్లుడు లారీ మీద ఊళ్ళు తిరుగుతాడు. ఆ రోజు అమ్మాయి మేనేజరును బతిమాలి సెలవు పెట్టి పిల్లను తీసుకెళ్ళింది. తట్టు టీకాకు వచ్చింది తనొక్కతే. సిస్టరమ్మ వచ్చే వారం రమ్మంది. అమ్మాయికి ఒళ్ళు మండి, పిల్లను చంకనేసుకుని నా దగ్గరకు వచ్చింది. నేను వెళ్ళి అడిగాను.

"ఒక సీసాలో పది మందికి సరిపడా మందు ఉంటుంది మాస్టారూ. పొడిలో నీళ్ళు కలిపానంటే సాయంత్రానికల్లా పారెయ్యాల్సిందే, దాచడానికి లేదు. ఒక్క పిల్ల కోసం తెరిస్తే తొమ్మిది డోసులు చెత్తబుట్ట పాలు. ఉన్నవే కొద్ది సీసాలు. రేపు పది మంది వస్తే నేనేం చెయ్యను?"

పైవాళ్ళు మందు ఎంత వృథా అయిందని నిలదీస్తారట. కొత్త పెట్టె ఎప్పుడొస్తుందో మాత్రం చెప్పరట. పాపం ఆమెకు ముందు నుయ్యి, వెనుక గొయ్యి. కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు, నా ఎర్రదారం గుర్తొచ్చింది. వారమే కదా అని అమ్మాయికి నేనే సర్దిచెప్పాను. కాలువ అవతలి బస్తీలో తట్టు ఉందని అప్పటికే వినికిడి. అప్పట్లో కాలువ అవతల అంటే నాకు పరదేశం లెక్క.

అలాగని చేతులు ముడుచుకుని కూర్చునే రకాన్ని కాను. పది మంది పిల్లలు కావాలి, అంతేగా. మా సందుల్లో పిల్లలకు కరువా! మెడలో కొలత టేపుతోనే, కాలికి బలపం కట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. ఒకావిడ నన్ను చూసి కుట్టాల్సిన పరదాలు తెచ్చి చేతిలో పెట్టింది. సగం ఇళ్ళకు తాళాలు. తల్లులు పనుల్లో ఉంటే పిల్లలంతా సందు చివరి ముసలమ్మ దగ్గర ఉంటారు. తల్లులు చెప్పందే తను గడప దాటించనంది ముసలమ్మ. రొట్టెల కొట్టావిడ గుమ్మంలోనే ఆపేసింది. పోయినసారి సూదికి వాళ్ళ బాబుకు జ్వరం వచ్చిందట. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయిందట. ఒక పూట జ్వరం మామూలేనని సిస్టరమ్మ మాటలే అప్పజెప్పాను.

"మీరు డాక్టరెప్పుడయ్యారు మాస్టారూ? ముందు నా జాకెట్టు సంగతి చెప్పండి," అంది.

అది ఎర్ర జాకెట్టే. నోరు మూసుకుని వచ్చేశాను.

మళ్ళీ గురువారం అమ్మాయికి సెలవు దొరకలేదు. పిచ్చుకను నేనే ఎత్తుకెళ్ళాను. వస్తామని మాటిచ్చిన వాళ్ళలో నలుగురే వచ్చారు. ఇంకో ఇద్దరు వస్తే తెరిచేస్తానని సిస్టరమ్మ అంది. గేటు దాకా వెళ్ళి అటూ ఇటూ చూసి వచ్చింది. మధ్యాహ్నం షిఫ్టుకు టైమవుతోందని ఒక తల్లి లేచింది. ఆమెను చూసి ఇంకొకామె లేచింది. చివరికి వరండాలో మేమిద్దరమే మిగిలాం. మళ్ళీ వారం అంది సిస్టరమ్మ, నా మొహం చూడకుండా.

"రోగం గురువారం చూసుకుని వస్తుందా సిస్టరమ్మా?" అన్నాను.

ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి. "పెట్టె నిండా సీసాలుంటే నాదేం పోయింది మాస్టారూ? దీనొక్కదాని కోసమైనా తెరిచేదాన్ని."

పిచ్చుక నా టేపు నోట్లో పెట్టుకుని చీకుతోంది.

ఆదివారం దానికి ఒళ్ళు కాలిపోయింది. ముక్కు కారింది, కళ్ళు ఎర్రబడ్డాయి. పళ్ళు వస్తున్నాయేమోలే అని అమ్మాయీ నేనూ ఒకరికొకరం చెప్పుకున్నాం. ఇద్దరిలో ఎవరమూ నమ్మలేదు. బుధవారానికి చెవుల వెనకనుంచి మొహమంతా దద్దుర్లు లేచాయి.

టైలరు మనవరాలికి తట్టు అని తెల్లారేసరికి సందులన్నిటికీ తెలిసిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అందరూ పిల్లలతో పరిగెత్తుకొచ్చారు. తాళాల ఇళ్ళ తల్లులు పని మానుకుని వచ్చారు. ముసలమ్మ వచ్చింది, రొట్టెల కొట్టావిడ బాబును ఎత్తుకుని వచ్చింది. వరుస వరండా దాటి నా మిషను దాకా సాగింది. సిస్టరమ్మ ఉన్న సీసాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి తెరిచింది.

మేము లోపలి గదిలో ఉన్నాం. మిగతా పిల్లలకు అంటకుండా తలుపు వేశారు. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలన్నారు, బండి వస్తోందన్నారు. పొద్దుటినుంచీ అది వస్తూనే ఉంది. పిచ్చుక వాళ్ళమ్మ ఒళ్ళో రొప్పుతోంది. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. నోరు ఎప్పటిలాగే తెరిచి ఉంది, శబ్దం మాత్రం లేదు. అమ్మాయి నన్ను ఒక్క మాటా అనలేదు. అన్నా బాగుండేది.

బయట సూది పడ్డ ప్రతి పిల్లా ఆకాశం దద్దరిల్లేలా ఏడుస్తోంది. పసిపిల్లల ఏడుపు విని అసూయపడే రోజు నాకు వస్తుందనుకోలేదు.

సాయంత్రానికి వరండా ఖాళీ అయింది. సిస్టరమ్మ గొంతు వినిపించింది.

"ఇంకెవరైనా ఉన్నారా? ఒక్క డోసు మిగిలింది."

వీధిలోకి వెళ్ళి మళ్ళీ పిలిచింది. తర్వాత మా గదిలోకి వచ్చింది. ఆ చివరి సీసా ఇంకా చేతిలోనే ఉంది. ఉందన్న సంగతి ఆమెకే తెలియదనుకుంటాను.

"దీనికి వెయ్యొచ్చా అమ్మా?" అని అడిగాను. జవాబు తెలిసే అడిగాను.

"ఇప్పుడిక పనిచెయ్యదు మాస్టారూ."

అమ్మాయి తల ఎత్తి ఆ సీసాను చూసింది. సిస్టరమ్మ మూలనున్న బుట్టలో దాన్ని వేసింది. ఒక్కదాని కోసం తెరిస్తే తొమ్మిది పోతాయని ఆనాడు తెరవలేదు. ఇవాళ ఆ సీసాలోంచి తొమ్మిది మందికి వేసి ఒక్కటి పారేసింది. ఆ ఒక్కటీ మా పిచ్చుకది.